ఏడేళ్ల పాపకి కుందేలు కొనివ్వొచ్చా?

పటమట నాన్న
మా పాప స్కూలు దారిలో ఒక పెట్ షాపు ఉంది. బోనులో తెల్ల కుందేళ్లు కనిపిస్తాయి. నెల రోజులుగా అక్కడ స్కూటీ ఆపనిదే ఊరుకోవడం లేదు. మాది మూడో అంతస్తులో అద్దె ఫ్లాట్, కుక్కకి ఓనరు ఒప్పుకోడు. "కుందేలైతే అరవదు, ఒక క్యారెట్ పడేస్తే చాలు" అంటున్నాడు షాపతను. మా ఆవిడ ససేమిరా అంటోంది. పెంచినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట అమ్మ
ఆ క్యారెట్ మాట నమ్మే మేమూ తెచ్చుకున్నాం. క్యారెట్ దానికి లడ్డూ లాంటిదండీ, ఎప్పుడో ఒక ముక్క చాలు. అసలు తిండి గడ్డి. దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మాకు ఇవేం తెలియక మావాడు బిస్కెట్లు కూడా పెట్టేవాడు. ఏడాది తిరక్కుండానే తిండి మానేసి మూల కూర్చుంది. డాక్టరు నోరు తెరిచి చూస్తే వెనక పళ్లు మొనదేలి నాలుకకి గుచ్చుకుంటున్నాయి. అప్పటి నుంచి మావారు రోజూ వాకింగ్‌కి వెళ్లి సంచిలో గరిక కోసుకొస్తున్నారు. పార్కులో అందరూ వినాయక చవితి ఎప్పుడని అడుగుతారు!

సత్యనారాయణపురం కుర్రోడు
మరీ భయపెట్టకండి ఆంటీ. నా చిన్నప్పుడు డాబా ఇంట్లో రెండు పెంచాం. రెండూ ఆడవేనని ఇచ్చాడు. ఓ నెల గడిచిందో లేదో, ఒకటి తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కుని అట్టపెట్టెలో పరిచింది. తెల్లారేసరికి ఆరు పిల్లలు! కళ్లు తెరవలేదు, ఒంటి మీద వెంట్రుక లేదు, గులాబీ రంగు చిటికెన వేళ్లలా ఉన్నాయి. తల్లి దగ్గరికే పోవడం లేదని ఏడ్చాను. రోజుకి ఒకటి రెండు సార్లే పాలిస్తుందని తర్వాత తెలిసింది. అవి లేకపోతే నాకు బాల్యమే లేదు. కొనివ్వండి అన్నా.

మొగల్రాజపురం
తమ్ముడూ, ఆ ఆరింటినీ చివరికి ఏం చేశారో కూడా చెప్పు.

సత్యనారాయణపురం కుర్రోడు
నాన్న ఎవరికో ఇచ్చేశారు. ఎవరికని నేను అడగలేదు.

మొగల్రాజపురం
అదీ సంగతి. కూరకి పెంచేవాళ్లూ ఉన్నారు. అది తప్పని నేననను. పిల్లలకి అబద్ధం మాత్రం చెప్పొద్దంటాను. ఇక అసలు టెన్షన్ మన మే నెల. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, బెజవాడలో నలభై దాటుతుంది. పడమటి బాల్కనీలో బోను పెట్టి ఆఫీసుకి వెళ్లారంటే సాయంత్రానికి ప్రాణం ఉండదు. నీడ, ఫ్యాను, చల్లటి బండ ఉండాలి. కరెంటు పోతే గుడ్డ చుట్టిన ఐసు బాటిల్ పక్కన పెట్టేవాళ్లు ఇంట్లో ఉండాలి.

తుళ్లూరు రైతు
షాపుకి డబ్బులెందుకు? మా పొలాల్లో చెవులపిల్లులు తిరుగుతుంటాయి, ఒక పిల్లని పట్టిస్తా.

మొగల్రాజపురం
ఆ పని చేయకండి బాబాయ్. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. పైగా ఆ జాతి వేరు. దాని పిల్ల కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతోనే పుడుతుంది, మనిషికి మచ్చిక కాదు. ఇళ్లలో పెంచేవి స్పెయిన్ వైపు అడవి కుందేళ్ల సంతతి.

పటమట నాన్న
ఎవరికి వాళ్లు పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటున్నారు! పాప ఎత్తుకుని ఆడుకోవచ్చా, అది చెప్పండి.

బ్రాడీపేట అమ్మ
ఎత్తుకోవడానికే అయితే బొమ్మ కొనండి. గద్ద ఎత్తుకుపోయినట్టే ఉంటుంది దానికి. గింజుకుని వెనక కాళ్లతో తన్నిందంటే దాని వెన్నే విరగొచ్చు. చెవులు పట్టుకుని అసలు లేపకూడదు. మావాడు నేర్చుకున్నది ఒకటే: కొత్తిమీర కాడ పట్టుకుని నేల మీద బోర్లా పడుకోవడం. మొదటి వారం అది మంచం కిందే ఉంది. ఎనిమిదో రోజు వచ్చి కాడ లాక్కుపోయింది. ఇంకో రెండు రోజులకి వాడి మోచేతికి గడ్డం రాసి వెళ్లింది. అంటే 'ఇది నాది' అని వాసన గుర్తు వేసిందన్నమాట. ఆ రోజు వాడు స్నానం చేయనన్నాడు. బాగా చూసుకుంటే పదేళ్లుంటుందండీ. మీ పాప అప్పటికి ఇంటర్‌లో ఉంటుంది. ఆ గడ్డి ఎవరు కోస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

పటమట నాన్న
ఆదివారం గుంటూరు వస్తున్నాం. మీకు ఇబ్బంది లేకపోతే పాప ఒక గంట మీ నేల మీద పడుకుంటుంది.

బ్రాడీపేట అమ్మ
రండి. మధ్యాహ్నం కుందేలు నిద్రపోతుంది, ఐదు దాటాక రండి. మీ ఆవిడని కూడా తీసుకురండి. అది పెంటికలు వేసే ట్రే కడిగే టైముకి ఉంటే ఆవిడ వద్దన్నది ఎందుకో మీకూ తెలుస్తుంది.