‘కోట’, ‘కోత’ తేడా చెవికి పట్టించే ఆన్‌లైన్ కోర్సు: సలహా కావాలి

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు వినికిడి ఒక్కటే నేర్పే కోర్సు ఇది. రాత, వ్యాకరణం జోలికి పోవట్లేదు. పడు, పాడు తేడా తొందరగానే పట్టేస్తున్నారు. ఇంగ్లీషుకు అలవాటుపడ్డ చెవికి త, ట దగ్గరే తంటా.

పాఠానికి 20 క్లిప్పులు. విని బొమ్మ నొక్కాలి. తప్పైతే రెండు మాటలూ వెంటవెంటనే మళ్లీ వినిపిస్తాయి. చిక్కల్లా అన్నీ ఒకే గొంతు కావడం. ఆ గొంతుకు అలవాటుపడి మార్కులు తెచ్చుకుంటున్నారు, వీడియో కాల్‌లో అమ్మమ్మ అంటే మళ్లీ మొదటికే. గొంతులు పెంచక తప్పదు. ఆడ, మగ, కోస్తా, తెలంగాణ కలిపి నాలుగు సరిపోతాయా? మొదటి పాఠం నుంచే కలిపెయ్యాలా, ఒక్కొక్కటిగా చేర్చాలా?

ఇంకోటి: వాక్యంలో పెడితే సందర్భాన్ని బట్టి ఊహించేస్తున్నారు. ‘ఆ కోట చూశావా’, ‘ఆ కోత చూశావా’ లాంటి, రెండూ అతికే జంటలు మీ దగ్గరుంటే చెప్పండి.