ప్రైవసీ కోసం ఏ ఓఎస్ తీసుకోవాలి? యూపీఐ మాత్రం ఆగొద్దు

నాగోల్_నిద్రలేమి:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. మా తమ్ముడు ఏదో లోన్ యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నాడు, రెండ్రోజులు లేటయ్యేసరికి వరంగల్‌లో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేసి నానా మాటలన్నారు, ఆమె నంబర్ వాళ్ళకెట్లా దొరికిందా అని చూస్తే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వీడు అన్నిటికీ అలౌ అలౌ అని నొక్కుకుంటూ పోయాడు. అప్పట్నుంచి నాకు ఫోన్ ముట్టుకుంటేనే అనుమానం. బడ్జెట్ 35 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా ఓకే. ఐఫోనా, గూగుల్ వాళ్ళ పిక్సెల్ ఫోన్ కొని గ్రాఫీన్ ఓఎస్ (ప్రైవసీ కోసం మార్చిన ఆండ్రాయిడ్) వేసుకోవాలా, లేక ఇంట్లో పడున్న పాత ఫోన్‌కే లీనేజ్ (కంపెనీది తీసేసి వేసుకునే ఇంకో ఆండ్రాయిడ్) ఎక్కించనా? మెట్రో టికెట్టు, కూరగాయల బండి దగ్గర స్కానింగు, జీతం పడే బ్యాంకు యాప్, ఈ మూడూ నడవాలి.

ఉస్మానియా_బిస్కెట్:
భయ్యా, మీ తమ్ముడి కేసుల ఓఎస్ తప్పేం లేదు, వేలు తప్పు. ప్లే స్టోర్‌ల ఉండే లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు ముట్టుకోవద్దని గూగుల్ 2023లనే రూల్ పెట్టింది, కానీ వాట్సాప్‌ల లింక్ పంపి ఏపీకే (స్టోర్ బయటి యాప్ ఫైల్) వేయించేటోనికి ఆ రూల్ ఎక్కడ పడతది?

నేను గ్రాఫీన్ వాడవట్టి రెండేండ్లాయె. మామూలు ఆండ్రాయిడ్‌ల ప్లే సర్వీసెస్‌కి (వెనకాల నడిచే గూగుల్ సాఫ్ట్‌వేర్) ఇంటల్లుడి మర్యాద, ఏ రూంలకైనా పోతది. గ్రాఫీన్‌ల అదీ అన్ని యాప్‌ల లెక్కనే, అడిగి రావాలె. కాంటాక్ట్ స్కోప్స్ అని ఉంటది, యాప్‌కి పర్మిషన్ ఇచ్చినట్టే కనిపిస్తది గానీ మనం ఎంచిన నంబర్లే దొరుకుతయి, ఏమీ ఎంచకుంటే ఖాళీ. నా కీబోర్డుకి నెట్ పర్మిషనే తీసేసిన, నేను టైప్ చేసేది దానికెందుకు బయటికి చెప్పాలె? మెట్రో టికెట్ వాట్సాప్‌లనే వస్తది, దానికి ఢోకా లేదు. బ్యాంకు యాప్ మాత్రం లాటరీ. కొన్ని బ్యాంకులు గూగుల్ ముద్ర ఉన్న ఓఎస్ కావాలంటయి, దీనికి ఆ ముద్ర రాదు. నాకున్న రెండిట్ల ఒకటి తెరుచుకుంటది, ఇంకోటి మొహం మీదనే తలుపేస్తది, దాని కోసం పాత ఫోన్ బీరువల పెట్టుకున్న.

రెండుజళ్ళ_సీత:
పాత ఫోన్‌కి లీనేజ్ వద్దండీ, నేను చేసి చూశాను. చాలా ఫోన్లలో అది వేశాక బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లేపే ప్రోగ్రాం) మళ్ళీ లాక్ అవ్వదు, అంటే తాళం తీసిన ఇంటికి కొత్త రంగు వేసినట్టు, ఫోన్ ఎవరి చేతిలో పడితే వాళ్ళు లోపలి సిస్టమ్ మార్చేయొచ్చు. పైగా కంపెనీ వదిలేసిన ఫోన్‌కి మోడెం, చిప్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు లీనేజ్ వాళ్ళూ ఇవ్వలేరు. గూగుల్ లేని ఫోన్ కావాలంటే బాగుంటుంది, సెక్యూరిటీ వేరే సంగతి.

ఇప్పుడు ఐఫోన్ వాడుతున్నా, బ్యాంకు యాప్ ఒక్కసారి కూడా మారాం చేయలేదు. 2021లో ఐఓఎస్ (ఐఫోన్ ఓఎస్) 14.5 వచ్చినప్పట్నుంచి యాప్‌లు ట్రాక్ చేసేముందు అడగాలి, ఐఓఎస్ 18 నుంచి కాంటాక్ట్స్ కూడా కొన్నే ఇవ్వొచ్చు. కానీ ఐక్లౌడ్ బ్యాకప్ తాళంచెవి ఆపిల్ దగ్గర కూడా ఉంటుంది, అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ (ఆ తాళంచెవి ఆపిల్ దగ్గర లేకుండా చేసే సెట్టింగ్) మనమే ఆన్ చేసుకోవాలి, నాకు తెలిసిన వాళ్ళలో ఒక్కరూ చేయలేదు. చేస్తే రికవరీ కీ (డేటా తిరిగి తెరిచే కోడ్) కాగితం మీద రాసి పెట్టుకోండి, పోతే ఆపిల్ వాళ్ళు కూడా ఏం చేయలేరు.

ఉస్మానియా_బిస్కెట్:
సీతక్క కరెక్టే చెప్పింది. పిక్సెల్‌ల గ్రాఫీన్ వేసినంక బూట్‌లోడర్ మళ్ళ లాక్ చేయొచ్చు, అసలు తేడా అదే. సెకండ్ హ్యాండ్ కొంటే పైసలిచ్చే ముందే డెవలపర్ ఆప్షన్స్‌ల ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ తాళం తీయనిచ్చే బటన్) ఆన్ అయితదా చూడు. అమెరికా సిమ్ కంపెనీలు అమ్మిన పీసులు ఇక్కడ తిరుగుతుంటయి, వాటిల చానా వాటికి అది లేవదు. వైఫై ఇచ్చి చూడు, నెట్ లేకుంటే మంచి ఫోన్‌ల కూడా బూడిద రంగుల్నే ఉంటది. పిక్సెల్ 8 సిరీస్ నుంచి అయితే లాంచ్ అయిన కాడి నుంచి 7 ఏండ్లు అప్‌డేట్లు.

నాగోల్_నిద్రలేమి:
అప్‌డేట్: నిన్న అబిడ్స్‌లో ఒక షాపుకి పోయా. మొదటి పీసుకి నా హాట్‌స్పాట్ ఇచ్చి చూస్తే ఆ బటన్ కదల్లేదు, షాపాయన "దానితో నీకేం పని సార్, కెమెరా చూడు" అంటాడు. రెండోది 8ఏ, టక్కున ఆన్ అయింది, తీసేసుకున్నా. రాత్రి ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి క్రోమ్ నుంచే గ్రాఫీన్ ఎక్కించా, చివర్లో లాక్ చేయడం మర్చిపోలేదు. టికెట్టు వచ్చింది, కూరగాయల బండి దగ్గర స్కానింగ్ కూడా అయింది, బ్యాంకు యాప్ రెండోసారికి తెరుచుకుంది. స్టార్ట్ చేసినప్పుడల్లా వేరే ఓఎస్ అని పసుపు గుర్తుతో వార్నింగ్ వస్తది కదా, అది చూసి మా అమ్మ మాత్రం "పాడైన ఫోన్ అంటగట్టారు, వాపస్ ఇచ్చి రా" అని పొద్దున్నుంచి ఒకటే గొడవ.