స్వీడన్ పునీతుల మీద కట్టిన లాటిన్ గీతాలు విడి స్తోత్రాలా, ఆరాధనలో భాగాలా?

ప్రశ్న: వీణ విద్యార్థిని, విజయనగరం

పెద్దలందరికీ నమస్కారం. ఈమధ్య ‘రోసా రోరాన్స్ బొనితాతెమ్’ అనే లాటిన్ గీతం విన్నాను. స్వీడన్ దేశపు పునీత బిర్గిట్టా మీద 14వ శతాబ్దంలో కట్టినదట. తాళం లేదు, శ్రుతి పెట్టె లేదు, అందరూ ఒకే వరసలో పాడుతున్నారు. ఇది విడిగా పాడుకునే స్తోత్రమా, లేక పెద్ద ఆరాధనలో ఒక భాగమా? దీని స్వరాలను మన మేళకర్తలతో పోల్చుకోవచ్చునా?

జవాబు: చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

విడి స్తోత్రం కాదమ్మా. పునీతుల పండుగకు ముందురోజు సాయంకాలం మొదలుకొని మర్నాటి సాయంకాలం దాకా జరిగే ప్రార్థనలన్నింటికీ కావలసిన గీతాలను ఒకే గొలుసుగా కూర్చేవారు. మీరు విన్నది అటువంటి గొలుసులోనిది. అందులో అసలైన ఘట్టం రాత్రి ప్రార్థన. పెద్ద పండుగలలో పునీతుల జీవితకథ మొదలైన పఠనాలను తొమ్మిదిగా విభజించి, ఒక్కొక్కటి చదవగానే దానికి జోడుగా ఒక దీర్ఘమైన గీతం పాడేవారు. హరికథలు విని పెరిగిన మన జిల్లాలవారికి ఈ నడక కొత్త కాదు గాని, ఇక్కడ పిట్టకథకు చోటు లేదు, పాడేవారు అప్పటికప్పుడు కల్పించేదీ ఉండదు.

ఈ గీతాలను అంత్యప్రాసలతో రాయడం అప్పటికే ఐరోపా అంతటా వాడుకలో ఉంది. స్వీడన్‌లో ఆ పనికి పూనుకున్నవారిలో బిషప్పులే ముఖ్యులు. 1317లో మరణించిన స్కారా బిషప్ బ్రినోల్ఫ్ అల్గోట్‌సన్ స్వీడన్ పునీతులైన స్కోవ్దె హెలెనా మీద, ఎస్కిల్ మీద కూర్చారు. ‘రోసా రోరాన్స్’ కర్త లిన్‌షోపింగ్ బిషప్ నీల్స్ హెర్మాన్‌సన్. ఆయన ఒకప్పుడు బిర్గిట్టా కుమారులకు చదువు చెప్పినవారు. ఉప్సాలా ఆర్చిబిషప్ బిర్యెర్ గ్రెగెర్సన్ కూడా ఆమె మీద వేరొక గొలుసు కట్టారు. ఆమెను పునీతురాలిగా ప్రకటించినది 1391 అక్టోబరులో. గ్రెగెర్సన్ 1383లోనే పోయారు, హెర్మాన్‌సన్ అదే 1391 మే నెలలో కన్నుమూశారు. అంటే రోము నుంచి అనుమతి వెలువడక మునుపే పాటలు సిద్ధమయ్యాయి. నా దృష్టిలో ఇది భక్తి ఎంతో, ఆమెకు పునీత పదవి ఇప్పించే ప్రయత్నంలో అంతర్భాగమూ అంతే.

జవాబు: సంగీత ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

రెండో సందేహానికి నేను చెబుతాను. ఆ సంగీతంలో ఎనిమిది ‘మోడ్’లు, అంటే స్వరాల వరసలు, ఉంటాయి. మొదటి మోడ్ న్యాసస్వరాన్ని, అంటే పాట ముగిసే స్వరాన్ని, షడ్జమం అనుకుంటే స్వరస్థానాలు ఖరహరప్రియవి. అందులోనే ధైవతాన్ని తరచుగా శుద్ధం చేసి పాడతారు, అప్పుడు నటభైరవి అవుతుంది. అయితే మేళకర్తతో పని పూర్తి కాదు. రెండో మోడ్‌కూ న్యాసం అదే, కాని సంచారం మంద్రానికి దిగుతుంది. మొదటి దానిలో గానం పంచమం మీద నిలిస్తే, రెండో దానిలో గాంధారం మీద నిలుస్తుంది. కొన్ని గొలుసులలో మొదటి గీతం మొదటి మోడ్‌లో, రెండోది రెండో మోడ్‌లో, అలా వరుసగా కూర్చారు. వీణ మీద వాయించదలిస్తే గమకాలు మానేసి, లాటిన్ మాట ఎక్కడ ఆగితే అక్కడే ఆగండి.

జవాబు: పుస్తకాల పిచ్చివాడు, పలాస

ఒక చిన్న చేర్పు. వాద్‌స్తేనా లోని బిర్గిట్టా సంఘపు మఠంలో సన్యాసినులు వారమంతా పాడిన ‘కాంటుస్ సొరోరుమ్’ (సోదరీమణుల గానం) అనే గీతాల వరుసను కూడా కొందరు బిర్గిట్టా స్తుతిగా లెక్కవేస్తారు. అది సరికాదు. ఆమె గురువులలో ఒకరైన షెన్నింగె పేత్రుస్ ఒలావి కూర్చిన ఆ వరుస మరియమ్మకు అంకితం.

ఈ పాత గీతాలు మనదాకా వచ్చిన దారి కూడా విచిత్రమే. 16వ శతాబ్దపు మతసంస్కరణ తరువాత పాత ఆరాధనా గ్రంథాలకు విలువ పోయింది. రాజుగారి పన్ను వసూలుదార్లు వాటి చర్మపత్రాలను విప్పి లెక్కల పుస్తకాలకు అట్టలుగా చుట్టారు. అట్టలైనందుకే మిగిలాయి. అలాంటి ముక్కలు స్టాక్‌హోమ్‌లోని జాతీయ పత్రాగారంలో ఇరవై వేలకు పైగా ఉన్నాయి, వాటి చిత్రాలు అంతర్జాలంలో చూడవచ్చు. నాలుగు గీతల మీద చదరపు గుర్తులు కనబడితే, గీతల మొదట్లో ‘సి’ ఆకారపు గుర్తు ఏ గీత మీద ఉందో ముందు చూసుకోండి, మిగతా స్వరాలన్నీ అక్కడినుంచే లెక్కపెట్టుకోవాలి.