దేవునికి హృదయం తెలిసినప్పుడు సంఘం రిజిస్టర్ ఎందుకు?

పెదవాల్తేరు_పిల్ల:
అందరికీ వందనాలు. ఒక సందేహం. మనుషులు పైరూపం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడు అని 1 సమూయేలు 16:7లో ఉంది. అలాంటప్పుడు ఒక మనిషి విశ్వాసా కాదా అని తేల్చడానికి బాప్తిస్మం రిజిస్టర్ తిరగేయడం ఏం న్యాయం? గొడవ కోసం కాదు, తెలుసుకోవాలనే.

గాజువాక_పెద్దాయన:
అమ్మా, సందర్భం చూడండి. దావీదు తండ్రి యెష్షయి ఇంట్లో పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపం చూసి ఇతనే రాజు అనుకున్నాడు సమూయేలు ప్రవక్త. దేవుడు కాదన్నాడు. అక్కడ బాప్తిస్మం ఊసే లేదు. పైగా దావీదుకి అన్నదమ్ముల ముందే నూనెతో అభిషేకం చేశారు. మనసులో ఉంటే చాల్లే అని ఊరుకోలేదు.

జగదాంబ_జంక్షన్:
యేసు పక్కన సిలువ మీద ఉండి, పరదైసులో ఉంటావని ఆయన మాట పొందిన దొంగకి ఏ రిజిస్టర్ ఉందండీ?

గాజువాక_పెద్దాయన:
ఈ దొంగే లేకపోతే ఇక్కడ సగం మందికి మాటలుండవు. సిలువ మీద ఉన్నవాడిని నీళ్లలోకి దిగమనలేం. రోజూ బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్లకి ఆ పోలికేంటి?

రాస్‌హిల్_మెట్లు:
మేం కథోలికులం బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటాం. దానికి సిద్ధపడుతూ మధ్యలో చనిపోయినవారికి ఆ కోరికే జ్ఞానస్నానంతో సమానమని మా సంఘం నేర్పుతుంది.

గాజువాక_పెద్దాయన:
మీది వేరే పద్ధతి.

పెదవాల్తేరు_పిల్ల:
సరే, అపొస్తలుల కార్యములు. 'హృదయాలు ఎరిగినవాడు' అనే అర్థంలో గ్రీకులో ఒకే మాట ఉంది, కార్డియోగ్నోస్తేస్. కొత్త నిబంధనలో రెండే చోట్ల వస్తుంది. 1:24లో యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను ఎన్నుకునేటప్పుడు, 15:8లో యూదుడు కాని కొర్నేలీ ఇంటి సంగతి పేతురు గుర్తు చేసేటప్పుడు. కొర్నేలీ ఇంట్లో బాప్తిస్మం నీళ్ల కంటే ముందే పరిశుద్ధాత్మ దిగాడు కదా?

గాజువాక_పెద్దాయన:
దిగాక పేతురు ఏం చేశాడు? 10:48 చదవండి. బాప్తిస్మం పొందమని ఆజ్ఞాపించాడు. మత్తీయ దగ్గరా అంతే. చీట్లు వేయకముందు, యోహాను బాప్తిస్మం నాటి నుంచి మనతో తిరిగినవాడే కావాలని షరతు పెట్టారు. కనిపించేది వాళ్లు చూశారు, కనిపించనిది దేవునికి వదిలారు. సంఘం చేసేదీ అదే.

పెదవాల్తేరు_పిల్ల:
తిరిగినవాడా? అయితే వినండి. మా నాన్న ఇరవై రెండేళ్లు అమ్మని స్కూటర్ మీద చర్చికి తెచ్చి, ఆరాధన అయ్యేదాకా గేటు పక్కన బాదం చెట్టు కింద కూర్చున్నారు. మైకులో ప్రసంగం విని, ఇంటికొచ్చి మాకు అప్పజెప్పేవారు. లోపలికి రమ్మంటే "తాతయ్య ఉన్నంతకాలం కాదులే అమ్మా" అనేవారు. తాతయ్య పోయిన నాలుగు నెలలకి నాన్నకి గుండెపోటు. సమాధుల తోటలో జాగా అడిగితే, సంఘ పెద్ద ఒకాయన రిజిస్టర్ తెప్పించారు. ఇంట్లో శవం ఉంది. ఆయన వేలు పేజీ మీద ఒక్కో పేరూ దాటుకుంటూ కిందికి పోతోంది. లేదన్నారు.

జగదాంబ_జంక్షన్:
అయ్యో.

గాజువాక_పెద్దాయన:
ముందే చెప్పాల్సిందమ్మా. నేను వాక్యం గురించి మాట్లాడుతున్నాను, మీరు నాన్నగారి గురించి. కానీ నా మాటా వినండి. మా తమ్ముడు జీవితమంతా "నా హృదయం దేవునికి తెలుసు" అంటూనే తాగాడు. మరదల్ని కొట్టి ఒక చెవి వినపడకుండా చేశాడు. పోయిన రోజు మంచి విశ్వాసి అని ప్రసంగం చేసి, ముందు వరసలో జాగా ఇచ్చారు.

జగదాంబ_జంక్షన్:
పేరు రిజిస్టర్‌లో ఉంది కాబట్టేగా పెద్దాయనా?

గాజువాక_పెద్దాయన:
నేను చెప్పేది అది కాదు. యిర్మీయా 17:9 చూడు, హృదయం అన్నిటికంటే మోసకరమైనదని ఉంది. దేవునికి తెలుసు అనేది ఓదార్పు మాట కాదు, భయపడాల్సిన మాట. మా ఇంట్లో దాన్ని ఓదార్పుగా వాడుకుని ఒక ఆడమనిషి బతుకు నాశనం చేశారు.

పెదవాల్తేరు_పిల్ల:
మాకు మిగిలింది ఆ ఓదార్పు ఒక్కటేనండీ. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు దానికంటే గొప్పవాడని 1 యోహాను 3:20లో ఉంది. లోపలికి వెళ్లలేదని నాన్న చాలాసార్లు బాధపడ్డారు. అది మీ రిజిస్టర్‌లో ఎక్కడ రాస్తారు?

రాస్‌హిల్_మెట్లు:
మరదలు గారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

గాజువాక_పెద్దాయన:
నా దగ్గరే ఉంటుంది. చర్చికి రాదు. అమ్మా, చివరికి నాన్నగారిని ఎక్కడ పెట్టారు?

పెదవాల్తేరు_పిల్ల:
దహనం చేశాం. అమ్మ బైబిల్ తెచ్చుకుంది గానీ తెరవలేదు.

గాజువాక_పెద్దాయన:
10:48 విషయంలో నా మాట మారదు. కానీ ఆ సంఘ పెద్ద అలా చేయకుండా ఉండాల్సింది.