ఫిషింగ్ రాడ్ మీద ఎపాక్సీ నున్నగా రావడం లేదు, సలహా కావాలి

సొంతంగా ఒక ఫిషింగ్ రాడ్ తయారు చేస్తున్నాను. బ్లాంక్‌కి (రాడ్ ఒట్టి కర్రకి) గైడ్లు (గాలపు దారం వెళ్లే రింగులు) అమర్చి, వాటి కాళ్ల మీద నైలాన్ దారం చుట్టడం వరకు బాగానే వచ్చింది. చుట్లన్నీ బిగుతుగా, ఒకదాని పక్కన ఒకటి చక్కగా కూర్చున్నాయి. ఆ చుట్ల మీద పూతగా వేసే ఎపాక్సీ దగ్గరే తంటా.

వాడుతున్నది రెండు భాగాల రాడ్ ఫినిష్. రెసిన్, హార్డెనర్ సమానంగా వేర్వేరు సిరంజిలతో కొలిచి, మెల్లగా కలిపి, బుడగలు పోవాలని అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పరుస్తున్నాను. పూత వేశాక రాడ్ మోటారు మీద నెమ్మదిగా రాత్రంతా తిరుగుతుంది. అయినా పొద్దున చూస్తే గైడ్ కాలి పక్కన సన్నటి బుడగలు, చుట్టు మధ్యలో ఉబ్బు, అంచుల్లో పలచన. కొన్నిచోట్ల ఎపాక్సీ పక్కకి జరిగిపోయి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. చేతి జిడ్డో, సిలికానో అంటిందేమోనని అనుమానం.

మొదటి పూత పల్చగా వేసి, దారం పీల్చుకోగా మిగిలింది బ్రష్‌తో తీసేసి, మర్నాడు రెండోది వేస్తే ఉబ్బు తగ్గుతుందా? బుడగలకి స్పిరిట్ దీపం మంట దూరం నుంచి చూపిస్తే చాలా? హెయిర్ డ్రయ్యర్ అయితే దుమ్ము ఎగరేస్తుందని నా భయం. సీసాలు గోరువెచ్చటి నీళ్లలో పెడితే ఎపాక్సీ పలచబడుతుంది, కానీ గట్టిపడటమూ త్వరగా మొదలవుతుంది కదా. ఆ టైమ్‌లో అన్ని గైడ్లూ ఎలా పూర్తి చేస్తారు? ఆల్కహాల్ కలిపి పలచన చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు పడ్డ గుంటల్ని సన్నటి శాండ్ పేపర్‌తో రుద్ది, తుడిచి, పైన ఇంకో పూత వేయొచ్చా, లేక దారంతో సహా తీసేయాల్సిందేనా?