కన్యాస్త్రీల తర్వాత బడి నా చేతికొచ్చింది, పిల్లలు తగ్గుతున్నారు

రెండేళ్ల క్రితం ఒక కథోలిక బడికి ప్రధానోపాధ్యాయురాలినయ్యాను. అంతవరకు ఆ కుర్చీలో కన్యాస్త్రీలే కూర్చునేవారు. ఈసారి ఒకటో తరగతిలో 11 మందే చేరారు. గోడవైపు బల్లల మీద దుమ్ము కూడా చెదరలేదు. ఫీజులు తగ్గి జీతాలు పెంచలేకపోయాం, మంచి ఉపాధ్యాయులు వెళ్లిపోయారు, వాళ్ల వెనకే పిల్లలూ వెళ్లారు. కథోలిక బడుల చదువు చుట్టుపక్కల బడులకు తీసిపోకూడదని 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) ధర్మశాస్త్రం 806వ నియమమే చెబుతోంది. విచారణ గురువుగారేమో (మా చర్చి ఫాదరు) సత్యోపదేశం, అంటే మతబోధ, గంటలు పెంచమంటారు, తల్లిదండ్రులు లెక్కల మాస్టారెక్కడని అడుగుతారు.

ఇలాంటి బడిని నిలబెట్టినవారు ఎవరైనా ఉన్నారా? మొదట దేన్ని మార్చారు? మానేసిన కుటుంబాల ఇళ్లకు వెళ్లి అడిగితే అసలు కారణం చెబుతారా, మొహమాటపడతారా? మేత్రాసనం (బిషప్‌గారి పాలనా ప్రాంతం) పెద్దల దగ్గర ఈ మాట ఎలా కదిపారు?