410 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలా?

రెండు చిన్న ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య మా అమ్మను తీసుకెళ్లాలి. ఒక సైట్‌లో దూరం 410 అనీ, ఇంకోదాంట్లో 221 అనీ ఉంటే కంగారుపడ్డాను. తీరా చూస్తే రెండోది నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు). సరే, ఆ చిక్కు వీడింది.

అసలు సందేహం టైమ్ గురించి. విమానం ఏటీఆర్ 72, రెండు ప్రొపెల్లర్లది. అది గంటకు దాదాపు 500 కిలోమీటర్లు వెళ్తుందంటారు కాబట్టి నా లెక్కకు 50 నిమిషాలు చాలు. టికెట్ మీద మాత్రం గంటా 20 నిమిషాలు, తిరుగు ప్రయాణానికి గంటా 10! గేటు దగ్గర కదిలినప్పటి నుంచి దిగి ఆగేదాకా లెక్కేస్తారని తెలుసు. కానీ చిన్న రన్‌వే దగ్గర ట్యాక్సీయింగ్‌కి (గేటుకీ రన్‌వేకీ మధ్య నేల మీద కదలడానికి) అంతసేపు పడుతుందా? పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తగ్గడం వల్లా? వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ ఆ 10 నిమిషాల తేడా ఎదురుగాలి వల్లేనా?

అక్కడ దిగాక గంటన్నరలో ఇంకో విమానం ఎక్కాలి, టికెట్లేమో వేర్వేరు. అదే టెన్షన్. ఇలాంటి రూట్లలో తరచూ తిరిగేవాళ్లు ఎంత వ్యవధి పెట్టుకుంటారో చెప్పండి, ప్లీజ్.